లేని మోకాళ్ళ నొప్పి

మస్కట్ నగరంలో ఒక పెద్ద ఇంట్లో వంట చేసే సువార్తకు, ఏది కావాలన్నా ఏదో ఒక నెపం చెప్పి సంపాదించుకోవడమే తప్ప, నాకిది కావాలి అని సూటిగా అడగడం చేతనయ్యేది కాదు. అక్కడ వారపు సెలవు శుక్రవారం, ఆ రోజు ఒక పూట చర్చికి వెళ్ళాలంటే పన్ను నొప్పి అనేది. ముచ్చటపడి ఎర్ర చెప్పులు కొనుక్కుంటే, డాక్టరు ఇవే వేసుకోమన్నాడు అనేది. మధ్యలో సెలవు కావలసి వస్తే అమ్మమ్మ పోయింది అనేది. ఆ ఇంట్లో చేరాక ఆవిడ అమ్మమ్మ మూడుసార్లు పోయింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు కూడా సువార్త ముందు నిజాయితీపరుడే.

తప్పంతా ఆమెది కూడా కాదు లెండి. ఆచంట దగ్గర ఒక పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే ఇళ్ళలో అంట్లు తోమిన మనిషి. ఒంట్లో బాగోలేదంటే ఆ ఇళ్ళవాళ్ళు ఒక పూట వదిలేవారు. తీర్థం చూడాలని ఉందంటే నవ్వేవారు. బీదవాళ్ళకి రోగం రావచ్చు, చావు రావచ్చు, సరదా మాత్రం రాకూడదని లోకం ఎప్పుడో తీర్మానించుకుంది. ఆ తీర్మానం చేసినవాళ్ళని నిలబెట్టి నాలుగు దులిపినా పాపం లేదు. కానీ సువార్త ఎవరినీ దులపలేదు. నెపాలు నేర్చుకుంది.

అలాంటి సువార్తకు మంచు చూడాలని ఒక కోరిక ఉండేది. ఆ ఇంటివాళ్ళు ఏటా చలికాలంలో ఉత్తరాన ఒక కొండల దేశానికి వెళ్ళేవారు. ఆ దేశం పేరు ఈ కథకి అక్కర్లేదు, అక్కడ మంచు పడుతుందని తెలిస్తే చాలు. వాళ్ళ దళసరి కోట్లు పెట్టెల్లో సర్దేది సువార్తే. వాళ్ళు తిరిగొచ్చాక అవి ఉతికి ఆరేసేదీ సువార్తే. ఆమె ఎరిగిన మంచల్లా ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టేదే, అదీ గరిటె కాడతో గీకి పారబోయడానికే. ఒక ఏడు ఒక కోటు జేబులో, చెక్కతో చేసినట్టున్న ఎండు చెట్టుకాయ ఒకటి దొరికింది. మంచుకొండల మీద పెరిగే చెట్టుది అన్నారు. ఆమె దాన్ని తన పెట్టెలో చీరల మధ్య దాచుకుంది. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ కాయ వాసన చూసి, ఒంట్లో సత్తువ ఉండగానే ఆ చెట్టు కింద ఒక్కసారి నిలబడాలి అనుకునేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

రెండేళ్ళకోసారి వచ్చే సెలవు ఆ ఏడు చలికాలంలో పడింది. అప్పుడే చర్చిలో ఎవరో ఒక కబురు చెప్పారు. గల్ఫ్‌లో ఉద్యోగమూ నివాసపు కార్డూ ఉన్నవాళ్ళు ఆ కొండల దేశానికి పర్యాటక వీసా కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చట, ఏ ఆఫీసు గుమ్మమూ ఎక్కక్కర్లేదట. యజమాని అభ్యంతరం లేదని ఒక కాగితం రాసిస్తే చాలునట. సువార్త ఆ కబురు రెండుసార్లు చెప్పించుకుంది. ఆ వారమే బజారులో రాజలింగం షాపుకి వెళ్ళింది.

రాజలింగం జగిత్యాల నుంచి వచ్చి అక్కడ టైపింగ్ షాపు నడిపేవాడు. దరఖాస్తులు నింపుకోవడం రానివాళ్ళకి నింపిపెట్టడం అతని పని. సువార్త పాస్‌పోర్టూ, కార్డూ, ఫోటో తీసుకుని కంప్యూటర్‌లో పేరూ ఊరూ ఎక్కించి, ఒక చోట ఆగాడు.

"దేనికి పోతున్నవని అడుగుతున్నదక్కా," అన్నాడు.

నిజం సువార్త నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగి, పాత అలవాటు కొద్దీ పక్కదారి పట్టింది. "మోకాళ్ళ నొప్పులని రాయి బాబూ. అక్కడ వేన్నీళ్ళ ఊటలున్నాయంట. మునిగితే తగ్గుద్దంట," అంది.

రాజలింగం ఆ తెలివికి మెచ్చుకున్నాడు. వంట చేసే మనిషి ఉత్తగ తిరగనీకి పోతున్నదంటే ఎవడు నమ్ముతడని, ఇదైతే మంచిగ అతికిందని అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు చెప్పారు గానీ, అతికింది ఊడితే ఎవరి మీద పడుతుందో చెప్పలేదు.

ఇక యజమాని కాగితం కావాలి. ఆ ఇంటి యజమానురాలు సురయ్యా కోపిష్ఠి మనిషే గాని చెడ్డ మనిషి కాదు. సువార్త ఆవిడ ముందు మోకాలి మీద చెయ్యి వేసుకుని నిలబడి, వైద్యానికి వెళ్ళాలని చెప్పింది. ఆవిడ అయ్యో అనుకుని వెంటనే కాగితం రాసిచ్చింది. చెప్పిన నెపం నిలబడాలి కదా, ఆ రోజు నుంచి సువార్త కుంటడం మొదలుపెట్టింది. పొద్దున కుడికాలు కుంటేది. పని హడావిడిలో మరిచిపోయి సాయంత్రం ఎడమకాలు కుంటేది. ఊళ్ళో ఉన్న తమ్ముడు ప్రకాశానికి ఫోన్ చేసి, మేడమ్ సెలవివ్వనంది, ఈసారి ఇంటికి రాలేనని వేరే నెపం చెప్పింది.

కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. ఇది చూడవచ్చేవాళ్ళ వీసా అని, వైద్యానికి వచ్చేవాళ్ళు ఆసుపత్రి కాగితం జతచేసి వేరే వీసాకి పెట్టుకోవాలని, అందువల్ల ఈ దరఖాస్తు తిరస్కరించామని అందులో ఉంది. రాజలింగం చదివి వినిపిస్తుంటే సువార్త తల దించుకుని వింది. మనలాంటోళ్ళకి రాసిపెట్టి ఉండాలి అనుకుంటూ ఇంటికి వచ్చింది. అంతటితో పోయినా బాగుండేది.

ఆ సాయంత్రమే సురయ్యా ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఈ కాళ్ళతో నీ చేత చాకిరీ చేయించుకుంటే దేవుడు నన్ను క్షమించడు," అంది. వేరే వంటమనిషిని మాట్లాడానని, ఈ నెలాఖరుకి సువార్తను గౌరవంగా సాగనంపుతానని, ఇంటికి వెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకోమని చెప్పింది. ఇంతకన్నా నీకేం కావాలి అంది.

సువార్తకు సంగతి అర్థమైంది. మంచు మాట దేవుడెరుగు, ఉన్న పని పోతోంది. అలవాటైన నాలుక అప్పటికే ఇంకో నెపం తయారుచేసింది. నిన్న ప్రార్థన చేయించుకున్నాను, నొప్పి ఎగిరిపోయింది అంటే సరిపోతుంది. ఆవిడ నమ్ముతుంది కూడా. కానీ ఆ చివరి మాట సువార్తకు ఎక్కడో గుచ్చుకుంది. ఇంతకన్నా నీకేం కావాలి. పదకొండేళ్ళుగా ఆమె ఆ ఇంట్లో ఉంది. ఆ ఇంటికి ఆమె పన్ను నొప్పి తెలుసు, మోకాళ్ళ నొప్పి తెలుసు, చచ్చిపోయిన అమ్మమ్మలు తెలుసు. సువార్త మాత్రం తెలియదు. తెలియనిచ్చింది ఎవరు? తనే. ఆమెకి తన మీద కోపం వచ్చింది. తనకి ఇలా బతకడం నేర్పిన వాళ్ళందరి మీదా కోపం వచ్చింది.

లేచి నిలబడింది. "నా మోకాళ్ళకి ఏమీ కాలేదు మేడమ్," అంది, ఆ ఇంట్లోనే నేర్చుకున్న అరబ్బీలో.

సురయ్యాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి సువార్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కింది. మొదటి అంతస్తు దాటి, రెండోది దాటి, డాబా మీదికి వెళ్ళి, ఆరేసిన దుప్పట్లన్నీ భుజాన వేసుకుని అదే ఊపున కిందికి దిగింది. ఆయాసమైనా రాలేదు.

"నేను వైద్యానికి పోవాలనుకోలేదు. మంచు చూడాలనుకున్నాను," అంది.

"మంచా? నీకు మంచు ఎందుకు?"

"మీకెందుకో నాకూ అందుకే."

సురయ్యా ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ అబద్ధాలు చెప్పావా, మరి ఆ అమ్మమ్మల మాటేమిటి అని నిలదీసింది. అమ్మమ్మ ఒక్కతేనని, తన చిన్నతనంలోనే పోయిందని సువార్త ఒప్పుకుంది. తల మాత్రం దించలేదు.

"అబద్ధాలు చెప్పడం నా తప్పే. పొమ్మంటే పోతాను," అంది. "కానీ ఒక్కటి చెప్పండి. చర్చికి వెళ్ళాలి, మంచు చూడాలి అని నేను నిజం చెప్పి ఉంటే, మీరు పంపేవారా?"

సురయ్యా విసురుగా లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. సువార్త దుప్పట్లు మడతపెట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు వేసింది. పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా చాలా కాలానికి ఆమెకి ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. రెండు కాళ్ళతోనూ సరిగ్గా నడిచింది.

రెండు రోజులు సురయ్యా వంటింటి వైపు రాలేదు. మూడో రోజు పొద్దున వంటింటి బల్ల మీద కొత్త కాగితం పెట్టింది. విహారం కోసం వెళ్ళడానికి అభ్యంతరం లేదని అందులో రాసి ఉంది. కొత్త వంటమనిషిని వద్దన్నానని చెప్పింది. "నీ అమ్మమ్మ పోయినప్పుడల్లా ఇచ్చిన రోజులు మాత్రం ఈ సెలవులో కోసేస్తాను," అంది. న్యాయమే కనుక సువార్త కోసుకోమంది.

మళ్ళీ రాజలింగం షాపుకి వెళ్ళింది. అతను తల గోక్కున్నాడు. ఒకసారి కాదన్నంక మళ్ళీ పెడితే ఇంకింత పట్టి చూస్తరని, ఈసారి చుట్టాల పెండ్లని రాద్దామని సలహా ఇచ్చాడు.

"నాకక్కడ చుట్టాలెవరున్నారు బాబూ? ఉన్నదున్నట్టు రాయి. ఏం పని చేత్తావంటే వంట పనని రాయి. దేనికొత్తన్నావంటే సూడ్డానికని రాయి."

"మళ్ళ కాదంటే ఎట్లక్కా?"

"అననియ్యి. పోయినసారి ఆళ్ళు కాదన్నది నన్ను కాదు, నా మోకాళ్ళని. ఈసారి నన్ను అడగనియ్యి," అంది సువార్త.

ఇంతకుముందు తిరస్కరించి ఉంటే కారణం చెప్పమని ఒక చోట ఉంది. సువార్త తడుముకోకుండా చెప్పుకుపోయింది. పోయినసారి నొప్పి అని రాసింది నిజం కాదని, మంచు చూడాలన్నదే తన కోరికని, చూసి వచ్చేస్తానని, తనకిక్కడ పని ఉందని రాయమంది. ఇట్లెవ్వలు రాయరక్కా అని రాజలింగం నవ్వాడు. నవ్వుతూనే ఒక్క మాట మార్చకుండా ఇంగ్లీషులో కొట్టి పంపాడు.

షాపు బయటికొచ్చి ప్రకాశానికి ఫోన్ చేసి, మేడమ్ సెలవివ్వలేదన్నది అబద్ధమని, మంచు చూడబోతున్నానని చెప్పేసింది. అతను లబలబలాడాడు. సెలవు దొరికితే ఇంటికి రావాలి గానీ ఒంటరి ఆడది ఊళ్ళు తిరగడమేమిటన్నాడు. "ఊళ్ళో అడిగితే నేనేవని చెప్పనక్కా?" అన్నాడు.

"మంచు సూడ్డానికి ఎల్లిందని చెప్పు."

"నవ్వుతారే."

"నవ్వనియ్యి. ఆళ్ళకీ సూడాలనే ఉంటాది, పైకి అనలేరంతే," అని ఫోన్ పెట్టేసింది.

జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆమెకు భయం వేయకపోలేదు. నిజం చెప్పినవాళ్ళందరికీ తలుపులు తెరుచుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. కానీ కాదంటే మళ్ళీ పెడతాను, ఇదే మాట మళ్ళీ రాయిస్తాను అని మొండిగా అనుకుంది. ఒకనాడు ఉల్లిపాయలు తరుగుతుండగా రాజలింగం ఫోన్ చేశాడు. వీసా వచ్చిందక్కా అన్నాడు. అప్పుడే వంటింట్లోకి వచ్చిన సురయ్యా ఆమె కళ్ళు చూసి, ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయా అని అడిగింది. ఎంత చక్కని నెపం, చేతికందినట్టు దొరికింది.

"కాదు మేడమ్. ఏడుస్తున్నాను," అంది సువార్త.

ప్రయాణానికి ఎర్ర కోటు కొనుక్కుంది. ఆ రంగే ఎందుకని రాజలింగం అడిగితే నాకిష్టం అంది. కొండల దేశంలో విమానం దిగాక అధికారి ఎందుకొచ్చావని అడిగాడు. చూడ్డానికి అంది. అతను తల కూడా ఎత్తకుండా ముద్ర వేసి పాస్‌పోర్టు ఇచ్చేశాడు. ఇన్నేళ్ళూ దాచి దాచి చచ్చిన మాట ఇంత చిన్నదా అని ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు కొండ ఎక్కింది. దారంతా తెల్లగా, ఉతికి పరిచిన దుప్పటిలా ఉంది. వంగి పిడికెడు మంచు తీసి నోట్లో వేసుకుంది. దానికి ఏ రుచీ లేదు. అయినా ఇంకో పిడికెడు తింది. తన పెట్టెలోని కాయ లాంటి కాయలు రాలిన చెట్టు ఒకటి కనబడితే, దాని కింద కాళ్ళు మంచులో కూరుకుపోయేలా చాలాసేపు నిలబడింది. నాకు కావాలి, అందుకే వచ్చాను అని పైకే అంది. ఆ ఎక్కడానికీ దిగడానికీ సాయంత్రం మోకాళ్ళు నిజంగానే నొప్పి పెట్టాయి. ఆ సంగతి మాత్రం మస్కట్ తిరిగొచ్చాక ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి శుక్రవారం సువార్త సురయ్యా ముందుకి వచ్చి, చర్చికి వెళ్ళాలి మేడమ్ అంది. పన్ను ఊసు ఎత్తలేదు. సురయ్యా వెళ్ళిరమ్మంది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. నెపం చెప్పి అడిగితే దక్కేది ఆ నెపానికే గాని మనకి కాదు. కోరిక కలగడం ఎవరికీ తప్పు కాదు, ఎంత పేదవారికైనా సరే. కావలసినదాన్ని తలెత్తి, ఉన్నదున్నట్టు అడగాలన్నదే ఈ కథలోని నీతి.