ఇనుప సిరా చేతులు

రాజుకి ఒక కొండ కావాలి. ఆ కొండ మీద మనుషులున్నారు.

రాజు దగ్గర ఒక పాత బొమ్మ ఉంది. కలంతో గీసిన బొమ్మ. అందులో రాజు ముత్తాత సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. కొండవాళ్ళు ఎదురుగా నిలబడి, రెండు చేతులా కొండను ఎత్తి ఆయనకు ఇస్తుంటారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు రాజు.

"మా పెద్దలు ఇవ్వలేదు దొరా," అంది కొండ మీది ముసలమ్మ. "ఇచ్చుంటే మాతో ఓ మాటైనా అనకుండా చస్తారా?"

సభ నవ్వింది. రాజు కూడా నవ్వి, సిరాలు పరీక్షించే ఆమెను పిలిపించాడు. బొమ్మ అసలుదేనని ఆమె చేత చెప్పిస్తే కొండవాళ్ళ నోళ్ళు మూతపడతాయి మరి.

సిరాలు రెండు రకాలు. దీపపు మసిని జిగురుతో నూరితే ఒకటి. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే రెండోది, అందులో ఇనుముంటుంది. కంటికి రెండూ నలుపే. మందు పూసిన కాగితం ముక్కను తడిపి అద్దితే మాత్రం, ఇనుమున్నచోట ఆ ముక్క గులాబీరంగుకి తిరుగుతుంది.

ఆమె తన అలవాటు ప్రకారం సిరా దట్టంగా ఉన్నచోట, అంటే రాజవస్త్రం మీద, అద్దింది. గులాబీరంగు వచ్చింది.

"అయిపోయిందిగా!" అన్నాడు మంత్రి.

"అన్నీ ఆయనకేనా తల్లీ? మావాళ్ళ మీద కూడా ఒకటి పెట్టు. మైలేం అంటుకోదులే," అంది ముసలమ్మ.

ముఖాల మీద అద్దితే రంగు రాలేదు. గుండెల మీదా రాలేదు. చేతుల మీద అద్దగానే వచ్చింది. ఆమె బొమ్మను వెలుతురుకి ఎత్తి చూసింది. చేతులున్నచోట కాగితం గీకి గీకి పల్చబడి ఉంది.

"వీళ్ళ ఒళ్ళు మసి సిరా. చేతులు ఇనుప సిరా, రాజవస్త్రానిదే. ఎవరో పాత చేతులు గీకేసి వాటి చోట ఇవి గీశారు," అంది ఆమె గొంతు పెంచి. "ఈ చేతులు వీళ్ళవి కావు ప్రభూ, మీ కోటవి!"

కొండవాళ్ళు కేరింతలు కొట్టారు. రాజుకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఒప్పుకున్నాం. కొండ వాళ్ళదే. ఒళ్ళూ వాళ్ళదే. చేతులు మాత్రం మావి," అన్నాడు.

"నేనన్నది అది కాదు!"

"నీ మాటలో ఒక్క అక్షరమైనా మార్చామా?"

మర్నాటి నుంచి ఆ చేతులు రాజు కోసం ఆ కొండనే తవ్వుతున్నాయి.

గోతి గట్టున ముసలమ్మ మనవరాలు, పసిగుడ్డు, గుక్కపట్టి ఏడుస్తోంది. ముసలమ్మ గునపం వదిలి వంగబోయింది. భటుడు అడ్డమొచ్చాడు.

"ఏయ్, అవి రాజుగారి చేతులు. సొంత పనికి వాడతావా?"

ముసలమ్మ అరచేతులు రెండూ పక్కకి తిప్పేసి, మోచేతుల మధ్య బిడ్డను ఇరికించి ఎత్తుకుంది.

"మరి ఇవెవరివిరా?" అంది.

భటుడు బొమ్మలో మోచేతులు ఏ సిరావో అడిగి రావడానికి కోటకేసి పరిగెత్తాడు.