లెంబా అవ్వ మోసిన బుట్ట

భ్రమరకు చిక్కంతా అంచు దగ్గర వచ్చింది.

బుట్ట అడుగు కుదిరింది. పక్కలు తిన్నగా లేచాయి. పేముబద్దతో అంచు చుట్టి ముడేస్తే పని అయిపోతుంది. కానీ ఆ ముడి పడితే బుట్ట తనది కాకుండా పోతుంది. బుట్ట లేకుండా వెళితే కాలేజీలో చూపించడానికి ఏమీ ఉండదు.

పదకొండేళ్ళ కిందటి మాట ఇది. బోర్నియో దీవిలో, వాన ఎప్పుడూ పూర్తిగా ఆగని ఒక అడవిలో, ఏటి ఒడ్డున పొడుగాటి కర్రల ఇల్లు ఒకటి ఉండేది. ఒకే కప్పు కింద పద్దెనిమిది కుటుంబాలు, అందరికీ కలిపి ఒకటే వసారా. హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్న భ్రమర ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌కి ఆ ఇంట్లో దిగింది. కాగితాల్లో దాన్ని హోమ్‌స్టే అని రాశారు. వసారాలో చాప పరిచి "ఇక్కడ పడుకో" అన్న లెంబా అవ్వకు మాత్రం ఆ మాట తెలియదు. అక్కడ అవ్వను 'ఇనీ' అంటారు. భ్రమర కూడా ఇనీ అనే పిలిచేది. మాటలు సగం వాళ్ళ భాషలో, సగం చేతులతో నడిచేవి.

కాలేజీ పెట్టిన షరతు ఒకటే. తన చేత్తో మొదలుపెట్టి తన చేత్తో ముగించిన వస్తువు ఒకటి తెచ్చి జ్యూరీ ముందు పెట్టాలి. లేకపోతే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి.

అదేమంత పని అనుకుంది భ్రమర. ఆత్మకూరు మేదరవీధిలో పుట్టిన పిల్ల. నడక రాకముందే వెదురు బద్దల మధ్య పాకింది. తనకు బుట్ట అల్లడం నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అనుకుంటూ పడవ దిగింది. దిగిన మర్నాడే పేము చీల్చబోయి వేలు కోసుకుంది. వెదురు కత్తి చెప్పినట్టు వింటుంది. పేము కత్తినే తన దారిన లాక్కుపోతుంది.

ఇనీ ఏదో ఆకు నమిలి వేలి మీద పెట్టి, గుడ్డ పీలిక కట్టింది.

"మీ ఊరి వెదురు మంచిది పిల్లా. కరవదు," అంది. అని, పళ్ళులేని నోటితో చాలాసేపు నవ్వింది.

ఆ రోజులు తలుచుకుంటే భ్రమరకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. పొద్దున్నే కొండ మీద కోతులు పాట ఎత్తుకునేవి. ఇంటి కింద కోళ్ళు, పందులు పోట్లాడుకునేవి. నానబెట్టిన పేము వాసన అచ్చం మేదరవీధి వాసనలాగే ఉండేది. కళ్ళు మూసుకుంటే పక్కన కూర్చున్నది ఇనీనో, తన నాయనమ్మో తెలిసేది కాదు. ఇనీ ఏదీ విడమరిచి చెప్పేది కాదు. తప్పు అల్లితే భ్రమర చెయ్యి పట్టుకుని రెండు వరసలు వెనక్కి నడిపించేది, అంతే. వెదురు గొట్టంలో వండిన అన్నం, అడవి కూర, ఎండు చేప. ఇద్దరూ ఒకే ఆకులో తినేవాళ్ళు.

అలా అయిదు వారాలకు బుట్ట లేచింది. వీపుకు తగిలించుకునే బుట్ట అది. రెండు భుజాలకూ బెరడు పట్టీలు వస్తాయి. అల్లిక ఎంత బిగువుగా వచ్చిందంటే, నీళ్ళు పోసినా నిలుస్తాయేమో అనిపించేది.

అప్పుడే ఇనీ కోడలు సెందీ వచ్చి బుట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంచు కట్టేస్తే మా అత్తకు పండగే," అంది.

"మీ అత్తకెందుకు?"

"మొదటి బుట్ట నేర్పినవాళ్ళదేగా! ఈ ఇంట్లో అంతే. మొదటిది మన దగ్గరే ఉంచుకుంటే రెండోది చేతికి రాదు."

భ్రమర బుట్టను దగ్గరికి లాక్కుంది. తన సంగతి ఇదీ అని చెప్పుకుంటే ఇనీ "తీసుకుపో" అనేదేమో. కానీ అడగడానికి నోరు రాలేదు. అంత మంచి బుట్టను వదులుకోవడానికి మనసూ రాలేదు.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. అంచు కట్టని బుట్ట ఇంకా బుట్ట కాదు కదా! దాన్ని అలాగే గోడకు ఆనించి, మిగిలిపోయిన పేము ముక్కలు ఏరుకుంది. సగం వాటికి పొట్టు కూడా సరిగ్గా గీకలేదు. ఒకటిన్నర రోజులో ఇంకో బుట్ట అల్లేసింది. అడుగు ఒక పక్కకు ఒరిగింది, సందుల్లోంచి వేలు దూరింది. అయితేనేం, అంచు కట్టింది. ముందు ముగిసిందే మొదటిది.

ఇనీకి అందిస్తే రెండు చేతులా పుచ్చుకుంది. కళ్ళకు అద్దుకుని వీపుకు తగిలించుకుంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, భ్రమర ఆ మధ్యాహ్నమే మంచి బుట్టకు అంచు కట్టింది.

మర్నాటి నుంచి మొదలైంది అసలు శిక్ష. ఇనీకి అంతకుముందు వాడే బుట్ట ఉంది, నల్లగా నిగనిగలాడుతూ, ఎన్నేళ్ళదో. దాన్ని కొక్కేనికి తగిలించేసి, చేనుకు వెళ్ళినా ఏటికి వెళ్ళినా భ్రమర ఇచ్చిన బుట్టే వేసుకుంటుంది. దోసకాయలు తెస్తే చిన్నవి దారిలో రాలిపోయేవి. లోపల ఆకు పరుచుకుని విత్తనాల వడ్లు తీసుకెళ్ళింది. ఆకు చిరిగి, వడ్లు సన్నగా కారాయి. ఇంటి కింద కోళ్ళన్నీ ఇనీ వెనక వరసకట్టి చేను దాకా ఊరేగింపుగా నడిచాయి. వసారాలో అందరూ నవ్వారు. ఇనీ కూడా నవ్వింది. భ్రమర ఒక్కతే నవ్వలేకపోయింది.

పై ఊరి నుంచి చుట్టాలు పడవలో వచ్చారు. ఒకాయన ఆ బుట్టను వింతగా చూసి, "ఎవరల్లారు?" అన్నాడు.

"నా దగ్గర నేర్చుకుంటున్న పిల్ల. సముద్రం దాటి వచ్చింది," అంది ఇనీ గొప్పగా. ఆయన భ్రమర వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గీకని పేము కొసలు ఇనీ భుజాన్ని కోసేవి. ఒకరోజు రవిక మీద చిన్న ఎర్రటి మరక కనిపించింది. ఇనీ తీరిగ్గా కూర్చుని, కత్తితో ఆ కొసలు ఒక్కొక్కటే గీకుతోంది.

"ఇలా ఇవ్వు ఇనీ, నేను సరిచేస్తాను," అంది భ్రమర.

"నాకు పనేముంది? నేను చూసుకుంటాలే. నువ్వు పడవకు బట్టలు సర్దుకో."

ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది భ్రమర. లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. వసారాలో ఇనీ ఒక్కతే కూర్చుని పేము గీస్తోంది. భ్రమర మంచి బుట్ట తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది.

"ఇనీ, నీకిచ్చింది మొదటిది కాదు. ఇదే మొదటిది."

"తెలుసు," అంది ఇనీ.

"నాకు కాలేజీలో చూపించాలని..." అనబోయి ఆగిపోయింది. ఏడుపు వచ్చేసింది. చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర ఏడ్చినట్టు వెక్కివెక్కి ఏడ్చింది.

ఇనీ చెయ్యి తుడుచుకుని బుట్టను ఎత్తి చూసింది. అడుగు నొక్కింది, అల్లిక మీద బొటనవేలు రాసింది, అంచు ముడి లాగి చూసింది. "చెయ్యి కుదిరింది," అని తల ఊపింది. దాన్ని పక్కన పెట్టుకుని, భ్రమర తల నిమురుతూ ఉండిపోయింది. వాన చాలాసేపు కురిసింది.

భ్రమర ఉత్త చేతులతో తిరిగొచ్చింది. జ్యూరీ వాళ్ళు ఆమె కథ వినలేదు, వస్తువు అడిగారు. సెమిస్టర్ మళ్ళీ చదివింది. దానికి ఆమె ఎన్నడూ బాధపడలేదు. ఇప్పుడామె దగ్గర నలుగురు నేర్చుకుంటున్నారు. వాళ్ళు అడిగితే చెప్పేది పడవెక్కిన ఆ చివరి పొద్దు గురించే.

పొద్దున్నే పడవ సిద్ధమైంది. ఏటి మీద పొగమంచు ఇంకా విడలేదు. ఇంటివాళ్ళంతా రేవుకు దిగారు. ముందుగా సెందీ వచ్చింది. వీపున భ్రమర అల్లిన మంచి బుట్ట, దాని నిండా కట్టెలు. పట్టీలు ఆమె భుజాలకు చక్కగా అమరాయి.

ఆ వెనక ఇనీ మెల్లగా మెట్లు దిగుతోంది. ఆమె వీపున అదే వంకర బుట్ట. అందులో దారిలో తినడానికి ఆకుల్లో కట్టిన అన్నం, రెండు హస్తాల అరటిపళ్ళు.

భ్రమర ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ బుట్ట నీకిచ్చాను కదా ఇనీ! సెందీకి ఇచ్చేసి, నువ్వింకా దీన్నే మోస్తున్నావేం?"

ఇనీ అన్నం పొట్లాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. జారుతున్న పట్టీని భుజం మీదకి లాక్కుని సర్దుకుంది.

"మంచి బుట్టను ఎవరైనా మోస్తారు పిల్లా," అంది.