ఊపిరి గొట్టం

నంద్యాలలో పాత కార్లు బాగుచేసే దస్తగిరి ఉస్తాద్‌కు మొహమాటం లేదు. ఇంజను పోయిందంటే పోయిందనే చెప్పేవాడు, ఎదుట ఉన్నది ఎంత పెద్దమనిషైనా సరే. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఓబులేసు ఒకనాడు, "నిజం ఎప్పుడూ చెప్పాల్సిందేనా ఉస్తాద్?" అని అడిగాడు. ఉస్తాద్ పానా తుడిచి ఇంకో బోల్టు అందుకున్నాడు. అడిగిందే తడవుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

కొన్నాళ్ళకు మద్దిలేటయ్య తన పాత కారును తాడు కట్టించి లాక్కొచ్చాడు. భార్య శేషమ్మ పోయి నెల దాటింది. ఆమె పోయిననాడు కూడా ఆయన కంట నీరు చూసినవాళ్ళు లేరు. కారు కింద మాత్రం ఆయిలు కారని చోటు లేదు.

ఇంజను లోపల పుట్టే పొగ, ఆవిరి బయటపడడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. ఇంజనుకు ముక్కు అదే అనుకోవచ్చు. ఓబులేసు చూసేసరికి ఆ గొట్టం చీలి వేలాడుతోంది. దాన్ని తగిలించే రంధ్రంలో గుడ్డ కుక్కి ఉంది. లాగితే చీరపేలిక వచ్చింది.

"ఊపిరాడక, ఆయిలు ఆపే సీళ్ళన్నీ తన్నుకోని ఆయిలు బయట పడింది. ఏ బుద్ధిలేనోడు కుక్కినాడో," అన్నాడు.

"నేనే నాయనా," అన్నాడు మద్దిలేటయ్య.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. ఓబులేసు తల దించుకున్నాడు. మద్దిలేటయ్యే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. శేషమ్మను కర్నూలు ఆసుపత్రికి ఆ కారులోనే తిప్పేవాడు. గొట్టం చీలి పొగ లోపలికి కొడుతుంటే, ఆ వాసన పడక ఆమెకు దారంతా వాంతులు. ఒకసారి తోవలోనే ఆమె పాతచీర చింపి ఆ రంధ్రం మూసేశాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత సీళ్ళలోంచి కారిన ఆయిలు వేడి సైలెన్సరు మీద మాడి, మునుపటికన్నా ఎక్కువ కంపు.

"కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని కూచునేది. ఎట్లుందే అంటే, బాగనే ఉంది పోనీ అనేది."

ఉస్తాద్ రెండు రోజులు కూర్చుని సీళ్ళు మార్చాడు. చివరికి గోడకు వేలాడే రబ్బరు చుట్టలోంచి జానెడు ముక్క కోసి బిగించి, ఇంజను స్టార్టు చేశాడు. మద్దిలేటయ్య వెనక సీట్లో, శేషమ్మ కూర్చునే చోట కూర్చుని గాలి పీల్చి చూశాడు. వాసన లేదు. తర్వాత ఆ చీరపేలికను ముఖం దగ్గరికి తీసుకున్నాడు. అందులో ఆమె వాసన లేదు. ఆమెకు పడని వాసనే ఉంది.

"ఈ జానెడు ముక్కేనా దస్తగిరీ? అప్పుడే నీకాడికి తెచ్చింటే ఆమెకు ఆ బాధ తప్పేదా? నిజం చెప్పు."

ఉస్తాద్ ఆయన కళ్ళలోకే చూస్తూ, "లేదు సామీ. ఈ రబ్బరు అప్పుడు యాడా దొరకలేదు. మొన్ననే వచ్చింది. నేనైనా ఆ గుడ్డే పెట్టేవాణ్ణి," అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు మద్దిలేటయ్య. పేలికను ముఖానికి అదుముకుని, ఇంజను చప్పుడును మించి ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు.

ఆయన వెళ్ళాక ఓబులేసు ఉండబట్టలేకపోయాడు. "ఆ రబ్బరు చుట్ట నేను పనిలో చేరకముందు నుంచీ ఆ గోడకే ఉంది కదా ఉస్తాద్. నిజం చెప్పమని అడిగినోడికే అబద్ధం చెప్తివే."

ఉస్తాద్ చేతుల ఆయిలు తుడుచుకుంటూ అన్నాడు:

"గుడ్డ తీస్తిమి గదరా. మళ్ళా ఆ మనిషికి నేను కుక్కాల్నా?"