పాజ్ నొక్కినా మునిగిన పడవ

విశాఖపట్నంలో ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో, పని మధ్యలో ఆగడమంటే నామోషీ అనుకునే భానోజీ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. టీకి లేచేవాడు కాదు, అన్నానికి లేచేవాడు కాదు. ఇంటికి వెళ్ళినా చేతులు ఊరుకునేవి గానీ బుర్ర ఊరుకునేది కాదు. కళ్ళు గుంటలు పడ్డాయి, మనిషి నలిగిపోయాడు. అదే గొప్ప అనుకునేవాడు పాపం.

అప్పుడతను ఒక పడవ ఆట చేస్తున్నాడు. తుఫానులో చిక్కిన చేపల పడవను రేవుకు చేర్చాలి. ఆఖరున పాజ్ బటన్ పెట్టాల్సి వచ్చింది. "మధ్యలో ఆపేవాడికి ఆట దేనికి?" అని గొణుక్కుంటూ ఏదో అయిందనిపించాడు. బటన్ నొక్కితే బొమ్మ కదలకుండా నిలిచేది. లోపల గడియారం మాత్రం నడుస్తూనే ఉండేది. పైన పటారం, లోన లొటారం!

ఆటల్ని పరీక్షించే అలివేలు ఆ సంగతి పట్టుకుంది. "సార్, పాజ్ నొక్కి ఫోన్ మాట్లాడొచ్చాను. మళ్ళీ మొదలుపెట్టగానే పడవ ములిగిపోయింది" అంది.

"అంతసేపు మాట్లాడితే ములగదా మరి?" అన్నాడు భానోజీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆదివారం అతని కూతురు లాస్య ఆ ఆట ఆడుతోంది. పొద్దుటినుంచీ తంటాలు పడి, రేవు దీపం కనిపించేదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే తల్లి అన్నానికి పిలిచింది.

"పాజ్ నొక్కి రా అమ్మా. నేను చేసిందేగా, నీ పడవ ఎక్కడికీ పోదు" అన్నాడు భానోజీ.

లాస్య నమ్మింది. తిని వచ్చి నొక్కింది. అంతసేపూ రావలసిన అలలన్నీ ఒక్కసారిగా మీదపడి పడవను ముంచేశాయి. పిల్ల ఏడవలేదు. తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి ఆడటం మొదలుపెట్టింది.

రాత్రి భోజనానికి పిలిస్తే కదల్లేదు.

"నేను ఆపను నాన్నా. ఆగుతుందని నువ్వే చెప్పావు. ఆగలేదుగా!"

కంచంలో అన్నం చల్లారిపోయింది. మెడ వంచుకుని, రెప్ప వేయకుండా ఆడుతున్న ఆ పిల్లలో భానోజీకి తన మొహమే కనిపించింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే, "నువ్వు చెప్పిందే నిజం అలివేలూ. నేనే వినలేదు" అన్నాడు. ముందు లోపలి గడియారాన్ని ఆపాడు. అలలు, గాలి, పడవ ఎక్కడివక్కడ నిలిచేలా చేశాడు. చెయ్యి కుదురుకోవడానికి, ఆట తిరిగి మొదలయ్యే ముందు మూడు, రెండు, ఒకటి అని లెక్క పెట్టించాడు. మధ్యాహ్నం కాగానే కంప్యూటర్ కట్టేసి అన్నానికి లేచాడు. ఆఫీసంతా తెల్లబోయింది.

సాయంత్రం కొత్త ఆట కూతురి చేతికిచ్చాడు. కాసేపటికి తల్లి పిలిచింది. లాస్య అనుమానంగా చూసింది.

"నువ్వూ ఆపుతావా?"

భానోజీ తన ఫోన్ కూడా అలమరలో పెట్టేశాడు. ఆ పూట ఏం కూర తిన్నాడో అతనికి తెలిసింది. ఎన్నాళ్ళయిందో అలా తిని!

భోజనమయ్యాక లాస్య భయంభయంగా నొక్కింది. మూడు, రెండు, ఒకటి.

"ఉంది నాన్నా! నా పడవ ఇక్కడే ఉంది!"

నీతి: పైకి ఆగినట్టు కనిపిస్తే చాలదు, లోపల కూడా ఆగాలి, అలా ఆగినవాడే అలసట తీరి మళ్ళీ మొదలుపెట్టగలడు.