ఒకటిన్నర మెట్టు

పరంజ్యోతి అయ్యగారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడం కష్టం. ఎవరేం అడిగినా ముందు చిక్కుడుకాయల గంప ముందుకు తోసి ఈనెలు తియ్యమంటారు. సగం ప్రశ్నలు ఆ గంపలోనే చచ్చిపోతాయి. గురువన్నవాడు అలాగే ఉండాలి. అడగ్గానే చెప్పేవాడు గురువు కాదు, రేడియో.

ఆ రోజు బైబిలు పాఠశాల విద్యార్థి రత్నాకరం గంప పూర్తిచేసి మరీ అడిగాడు. "అయ్యగారూ, నలుగురిలో నన్ను చిన్నబుచ్చినవాడికి, అదే నలుగురిలో బుద్ధి చెబితే పాపమా?"

అయ్యగారు పాపమనీ అనలేదు, కాదనీ అనలేదు. బందరు గాయక బృందం కథ ఎత్తుకున్నారు.

ఆ బృందంలో పన్నెండుమంది. హార్మోనియం లేదు, తబలా లేదు, ఉత్త గొంతులే. పాటకు ముందు దైవాధీనం అనే పెద్దాయన కళ్ళు మూసుకుని "మ్‌" అని శ్రుతి ఇస్తే, మిగతా పదకొండుమందీ దాన్ని పట్టుకుని ఎత్తుకునేవారు. ఇరవయ్యేడేళ్ళుగా ఆ "మ్‌" ఆయనది. ఆయన పరువంతా అందులోనే ఉంది. చదువు అంతంతమాత్రం, పాటల పుస్తకం చేతికి అలంకారం. చెవి మాత్రం కంసాలి త్రాసు.

ఆ ఏడు క్రిస్మసు కచేరీలకు సుకీర్తి అనే కొత్త దర్శకురాలు వచ్చింది. మద్రాసులో నేర్చుకున్న పిల్ల. మొదటి సాధనలోనే అందరి ముందూ అనేసింది: "తాతగారూ, ఈ ఏడాదికి శ్రుతి మీరే ఇవ్వండి. వచ్చే ఏటినుంచి ఫోనులో పెట్టుకుందాం."

ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

దైవాధీనం ఆ మాటను గుడివాడ కచేరీలో నమిలాడు, ఏలూరు కచేరీలో నమిలాడు. మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. ఆఖరి కచేరీ బందరులో. సుకీర్తికి సంగీతం చెప్పిన గురువుగారు మద్రాసు నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఇదే అదను అనుకున్నాడు పెద్దాయన. కళ్ళు మూసుకుని, ఇవ్వాల్సినదానికి ఒకటిన్నర మెట్టు పైన "మ్‌" అన్నాడు. పై గొంతు పాడే పిల్లలు కీచుమనాలి, గురువు ముందు దర్శకురాలి తల వాలిపోవాలి. అదీ ఆయన లెక్క.

సుకీర్తి ఒక్కసారి ఆయనవంక చూసింది. చెయ్యెత్తింది.

పిల్లలు పద్దెనిమిదేళ్ళవాళ్ళు. గాలిపటాల్లా లేచిపోయారు. మొదటి చరణానికే జనం మెడలు నిక్కించారు. రెండో చరణంలో దైవాధీనానికి ఒక సంగతి గుర్తొచ్చింది. నాలుగో చరణం చివర, మగగొంతుల్లో అన్నిటికంటే పై పంక్తి ఒంటరిగా పాడవలసింది తానే. మూడో చరణంలో చొక్కా తడిసింది. కరెంటు పోవాలని ప్రార్థించాడు. పోయినా ఏం లాభం, వాళ్ళు పాడేది మైకు లేకుండానే.

వంతు వచ్చింది. మొదటి మాట దక్కింది. రెండోదానికి గొంతు చీలి, సగం పాటా సగం కోడికూతా బయటికొచ్చింది. సుకీర్తి ఎడమచెయ్యి చిన్నగా ఆడించింది. మిగతా పదకొండుమందీ ఆ పంక్తిని మెల్లగా అందుకుని, ఆయన్ని చంకన పెట్టుకుని ఒడ్డుకు చేర్చారు.

ముందు వరుసలో గురువుగారు కళ్ళు తుడుచుకున్నారు. "పెద్దాయన భక్తి చూశారా! గొంతు పూడుకుపోయింది, పాపం."

జనం వెళ్ళాక సుకీర్తి దగ్గరికొచ్చింది. "ఎంత ఎత్తారు తాతగారూ?"

మోసమైతే చేశాడు గాని, అబద్ధమాడటం ఆయన ఇంటావంటా లేదు. "ఒకటిన్నర" అన్నాడు బొంగురుగా.

"నా లెక్కా అంతే. పగబట్టి కూడా వెంట్రుకవాసి తప్పలేదు మీరు. ఫోను వద్దులెండి. వచ్చే ఏడూ మీరే ఇవ్వాలి."

పెద్దాయన తల ఊపాడు.

అయ్యగారు ఆగిపోయారు. రత్నాకరం గంప పక్కకు జరిపి, "అయితే బుద్ధి చెప్పొద్దంటారా?" అన్నాడు.

"చెప్పు నాయనా, ఎవరొద్దన్నారు?" అన్నారు అయ్యగారు. "పాటలో నీ వంతు ఎక్కడొస్తుందో మాత్రం ముందు చూసుకో."