కోనెం గేలం

"ఎవరికైనా తగిలే మాట ఒక్కటి చెప్పండి గురువుగోరూ. ఆ మాటతో మా గుంటడు మళ్లీ పడవెక్కాల" అని దానయ్య అడిగాడు.

అడిగింది కొర్లయ్య దాసుని. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, జాలరిపేటలో తత్త్వాలు పాడే గురువు ఆయన. పొద్దున గేలం వేస్తాడు, సాయంత్రం ఉపదేశం చెబుతాడు. చేపలు పట్టే గురువేమిటని పై ఊళ్లవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. పేటలో మాత్రం ఎవరికీ ఆ అనుమానం రాలేదు. తమకు కూడు పెట్టే పని గురువుకెందుకు తప్పవుతుంది?

దానయ్య బాధ చిన్నది కాదు. కొడుకు ఎల్లాజీ, వాడి స్నేహితుడు మసేను కలిసి వేటకెళ్లినప్పుడు కెరటం పడవను తిరగేసింది. మసేను తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఎల్లాజీ సముద్రం వైపు చూడడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. దానయ్య కూడా కుర్రతనంలో ఒకసారి ఇలాగే జడిశాడు. "సముద్రానికి జడిసినోడు నా కొడుకు కాడు" అని తండ్రి అన్న మాటకు రోషం వచ్చి ఆ రోజే పడవెక్కాడు. అదే మాట ఇప్పుడు ఎల్లాజీని రోజూ అంటున్నాడు. అన్నకొద్దీ వాడికి మాట తగ్గింది, తిండీ తగ్గింది. పిల్లాడు దక్కడేమోనని దానయ్యకు లోపల వణుకు.

గురువు మాత్రం "రేపు నీ గేలం పట్టుకుని మొగ కాడికి రా" అన్నాడు.

దానయ్య తెచ్చిన గేలం మామూలుది కాదు. లోతునీళ్లలో కోనెం అనే పెద్ద చేపను పట్టిన గేలమది. ఆ రోజు నుంచి దానికి పసుపు రాసి దేవుడి మూల పెట్టాడు, ముఖ్యమైన పని పడితే తప్ప తీయడు. లావుపాటి ఇనుప తీగకు కట్టిన ఆ గేలానికి కవ్వచేప ముక్క గుచ్చి మొగలోకి విసిరాడు. పోటు ఎక్కుతోంది. చుట్టూ పండుగప్పలు నీళ్లు చిమ్ముతున్నాయి గానీ ఒక్కటీ వచ్చి ముట్టలేదు.

"కోనేన్నే లాగిన గేలమిది, ఈటికేటి రోగం!" అని దానయ్య చేపల్ని తిట్టాడు.

పక్కన వల లాగుతున్నవాళ్లను అడిగి కొర్లయ్య దాసు ఒక పండుగప్పను తెచ్చుకున్నాడు. పొట్ట కోసి, లోపలున్నదాన్ని అరచేతిలో పరిచి చూపించాడు. అన్నీ చిన్న చిన్న రొయ్యలు. దానయ్య కాసేపు చూసి, తన గేలం తానే విప్పుకున్నాడు. మోకాటి లోతులోకి దిగి బతికున్న రొయ్యల్ని తువ్వాలుతో పట్టి, గురువుగారి సన్నదారం గేలానికి ఒకదాన్ని గుచ్చాడు. ఎంతోసేపు పట్టలేదు, దారం బిగిసింది. పండుగప్పను ఒడ్డుకు లాగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు.

"గురువుగోరూ, ఇన్నాళ్లూ ఆడి మీద మా అయ్య గేలమే ఇసిరినాను" అన్నాడు.

ఆ సాయంత్రం వెళ్లి కొడుకు పక్కన కూర్చున్నాడు. పాత మాట నోటిదాకా వస్తే మింగేశాడు. వాడి వీపు మీద చెయ్యి వేసి "మసేను గుర్తొస్తన్నాడేట్రా?" అన్నాడు.

ఎల్లాజీ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "ఆడి సెయ్యి నా సేతిలోనే ఉండీది అయ్యా, జారిపోనాది" అని భోరుమన్నాడు. తండ్రీ ఏడ్చాడు. ఏడ్చాక ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

తెల్లారి ఎల్లాజీ ఇసుకలోకి వచ్చాడు. పడవ జోలికి పోలేదు గానీ, చిరిగిన వల ఒళ్లో వేసుకుని సముద్రానికి ఎదురుగానే కూర్చున్నాడు. అది చూసి దానయ్య గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"మాట దొరికింది గురువుగోరూ! ఇంక రోజూ అదే అడుగుతాను."

కొర్లయ్య దాసు గేలం కట్టుకుంటూ తలెత్తి నవ్వాడు.

"నిన్న పండుగప్ప రొయ్య తింది, దానయ్యా. ఇయాల ఏటి తింటందో ఇయాలే సూడాల."