రాజుగారి కాలికి గండపెండేరం

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం లేదు. అబద్ధమైతే రేపు పొద్దుటికి నా పళ్లన్నీ ఊడిపోవాలి. ఇంకా ఎన్ని మిగిలాయని అడక్కు అమ్మాయ్, అది వేరే సంగతి.

మల్లెలకొండ అనే ఒకానొక రాజ్యాన్ని వీరభూధర మహారాజు ఏలుతుండేవాడు. ఆయన ఎక్కితే పల్లకీ బొంగు విల్లులా వంగిపోయేది. పడకగది నుంచి స్నానానికి పల్లకీ, అక్కణ్ణించి భోజనానికి పల్లకీ. ఆయన పాదం నేలను తాకగా చూసినవాళ్లు రాజ్యంలో లేరు. ఒక మంత్రసాని చూసిందంటారు కానీ, ఆమె అప్పటికే పోయింది.

ఊరూ రాజుగారిని చూసే నేర్చుకుంది. అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వేళ్లూనుకుపోయేవాడు. మంచం మీంచి జారిపడ్డ ఒకాయన, ఎవరైనా వచ్చి లేపకపోతారా అని దీపాలు పెట్టేవేళ దాకా అలాగే పడుకున్నాడు.

ఒకనాడు పట్టపగలే ఒక దొంగ కోటలోకి నడిచొచ్చి, రాజుగారి వెండి కూజా చంకన పెట్టుకుని తాపీగా నడిచి వెళ్లాడు. వెంటపడిన భటులు కోటగుమ్మం దాటకుండానే ఆయాసంతో కూలబడ్డారు. పాపం ఆ దొంగే జాలిపడి వెనక్కొచ్చి, ఆ కూజాలోని నీళ్లే వాళ్ల నోట్లో పోసి మరీ వెళ్లాడు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. "రాజ్యంలో ప్రతి ఒక్కరూ వ్యాయామం చేయాల్సిందే!" అని గర్జించాడు.

ఇంకేముంది, ఊరి బయట సాము చేయడానికి గరిడీ ఒకటి కట్టించారు. ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కనపడదు. గోడగోడకీ రాజుగారి బొమ్మ గీయించారు. ఒంటిచేత్తో ఏనుగును ఎత్తుతున్నట్టు బొమ్మ. ఆ ఏనుగు కూడా సిగ్గుపడుతున్నట్టే ఉండేది. ఇక దండోరా వేసే ఓబులేసుకు పగలంతా ఒకటే పని.

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా! లేవండి! నడవండి! దండీలు తీయండి! బస్కీలు తీయండి! ఇది మహారాజుగారి ఆనహో!"

జనం అరుగుల మీద పడుకుని చక్కగా విన్నారు. ఆ తప్పెట లయకి పసిపిల్లలు హాయిగా నిద్రపోయేవాళ్లు. గరిడీలోకి మాత్రం కాకి కూడా వాలలేదు.

"తప్పంతా దండోరా వేసేవాడిదే ప్రభూ. వాడి గొంతులో పస లేదు" అన్నాడు మహామంత్రి.

"అయితే వచ్చే పున్నమికి గరిడీ నిండాలి. నిండకపోతే ఆ ఓబులేసు పెళ్లాంతో సహా పొలిమేర దాటాలి" అన్నాడు రాజు.

ఓబులేసు ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కొమ్మన దగ్గరికి పరిగెత్తాడు. "కొమ్మనగారూ, నా ఇంటిది నిండుచూలాలు సామీ. ఇప్పుడు దాన్ని ఏ అడవుల వెంట తీసుకుపోను?"

"ఏడవకు. ఇంతకీ జనం ఏమంటున్నారు?"

"ముందు ఆయన్ని పల్లకీ దిగమను అంటున్నారు సామీ."

"ఆ మాట రాజుగారితో చెప్పావా?"

"నాకు తల ఒక్కటే ఉంది సామీ."

కొమ్మన నవ్వి, "నాకూ ఒక్కటే. అయినా కాస్త గట్టిది" అని ఓబులేసు భుజం తట్టాడు.

పున్నమినాడు ఉదయం కొమ్మన సభలోకి ఒక గండపెండేరం పట్టుకొచ్చాడు. మహాపండితులకూ మహావీరులకూ రాజులు కాలికి తొడుగుతారే, ఆ బిరుదు కడియమే. కాకపోతే ఇది బండిచక్రమంత ఉంది, చుట్టూ గజ్జెలు. ఊరి కంసాలులందరూ కలిసి చేస్తే తప్ప తెమల్లేదు.

"ఇది ఎవరికి కొమ్మనా?" అన్నాడు రాజు.

"తమకే ప్రభూ. అందరికీ తొడిగే తమకు తొడిగేవాళ్లు లేకపోవడమేమిటని ఊరు ఊరంతా బాధపడుతోంది. అందుకే ప్రజలే తమను సత్కరించుకుంటున్నారు."

రాజుగారి మీసాలు వాటంతటవే పైకి లేచాయి. వెంటనే ఎడమకాలు చాపాడు. పెండేరం తొడిగారు.

"ఇప్పుడే ఊరంతా చూడాలి! పల్లకీ!"

రాజవీధిలో పల్లకీ బయలుదేరింది. తెరలున్నాయిగా, ఎవరికీ ఏమీ కనపడలేదు. రాజుగారు తట్టుకోలేక తెర పక్కకు నెట్టి కాలు బయటికి చాపాడు. పల్లకీ ఒక పక్కకు ఒరిగింది, బోయీలు గుడ్లు తేలేశారు. వీధిలో ఒక ముసలమ్మ ఆ కాలు చూసి, ఏ అమ్మవారో ఊరేగుతోందనుకుని, గబగబా వచ్చి పసుపు రాసి దండం పెట్టుకుని వెళ్లింది.

"కొమ్మనా, ఇదేమిటి? గజ్జెలు మోగడం లేదు!"

"గాలిలో వేలాడే కాలికి ఎలా మోగుతాయి ప్రభూ? నేల మీద అడుగు పడితేనే గండపెండేరం గొంతు విప్పుతుంది. పోనీయండి, వెనక్కి వెళ్దాం. పాదం కందిపోతుంది."

"కందితే కందనీ! దించండి!"

రాజుగారు దిగాడు. ఘల్లుమంది! ఆ మోతకు నాలుగు వీధుల అవతల పెంకులు కదిలాయి. అరుగుల మీద జనం ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"ఓలమ్మో! రాజుగారికి కాళ్లున్నాయే!" అని ఒక పిల్ల కేకేసింది. ఆ పిల్ల ఎవరనుకున్నావు? మా ముత్తవ్వే!

ఆ వింత చూడడానికి జనం అరుగులు దిగారు. రాజుగారు అడుగేస్తే ఘల్లు, ఇంకో అడుగేస్తే ఘల్లు. మంచాలు దిగని మామయ్యలు, ముక్కుతూ మూలిగే అత్తయ్యలు, అందరూ వెంటపడ్డారు. ముందు కొమ్మన, వెనక రాజు, ఆ వెనక ఊరు.

"ఇంకా ఎంత దూరంరా కొమ్మనా?" రాజుగారికి ఆయాసం.

"సాలెవీధి వాళ్లు చూడనే లేదు ప్రభూ. చిన్నబుచ్చుకుంటారు."

"అయ్యో, పద పద!"

అలా వీధి తర్వాత వీధి తిప్పి తిప్పి, చివరికి గరిడీలో తెచ్చి నిలబెట్టాడు. రాజుగారి చెమటకు అక్కడ చిన్న వాగు పారింది. తిరిగి చూస్తే ఏముంది, గరిడీ ఇసకేస్తే రాలకుండా నిండింది!

మహామంత్రి రొప్పుతూ వచ్చి రాజుగారి చెవిలో ఊదాడు. "మోసం ప్రభూ! ఈ కొమ్మన తమనే కాలినడకన గరిడీకి లాక్కొచ్చాడు!"

రాజుగారి ముఖం జేవురించింది. "బోయీలూ, పల్లకీ తీసుకురండి!"

జనం మళ్లీ ఇళ్లవైపు తిరిగారు. గుంపులో ఉన్న ఓబులేసు పక్కనున్న పెళ్లాం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నన్నే ఆడిస్తావా కొమ్మనా? ఏం, దండోరాకి రాని జనం ఈ గజ్జెలకి వస్తారా?"

కొమ్మన చేతులు జోడించాడు. "దండోరా అదే ప్రభూ, మాటా అదే. ఇన్నాళ్లూ ఓబులేసు చేతులు వేశాయి, ఇవాళ తమ పాదాలు వేశాయి. ఊరు ఎవరి దండోరాకి లేచిందో తమరే చూస్తున్నారు. ఇప్పుడు తమరు పల్లకీ ఎక్కితే, ఈ జనాన్ని తిరిగి లేపే గొంతు ఈ భూమ్మీద లేదు."

రాజుగారు పల్లకీని చూశాడు, జనాన్ని చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. ఆ తర్వాత మొదలుపెట్టిన నవ్వుకు చెట్ల మీద పక్షులు పక్క రాజ్యానికి ఎగిరిపోయాయి.

మెడలో ముత్యాల దండ తీసి కొమ్మన మెడలో వేశాడు. "ఓబులేసూ, ఇక నువ్వు ఊరు విడిచి వెళ్లక్కర్లేదు. రోజూ పొద్దున్నే తప్పెటతో నా ముందు నడువు. ఈ పల్లకీలో నీ ఇల్లాలిని ఇంటికి పంపు. మంత్రిగారూ, తమరేం చూస్తున్నారు? బస్కీలు తీయండి!"

ఆ ఏడు తిరిగేసరికి మల్లెలకొండలో దొంగలు బతకలేక వేరే దేశం పోయారు. వాళ్లను తరిమిన భటులు తిరిగొచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు సముద్రాన్ని కూడా ఒక్క గెంతులో దాటేశారట. నమ్మకపోతే నీ ఖర్మ.

సరే, కథ అయింది. ఎంతసేపని కూర్చుంటావు, లే. వీధి చివర సూరేకాంతమ్మ పెరట్లో కరివేపాకు ఉంది, రెండు రెబ్బలు తుంచుకురా. పోపు మాడిపోతోంది. ఇదిగో అమ్మాయ్, ఆ స్కూటీ తాళం అక్కడే పెట్టి వెళ్లు!